‘రైలుబడి’: తల్లిదండ్రులు చదువవలసిన తీరు

కామారెడ్డికి రైలు వచ్చును, ఎల్లారెడ్డికి రాదు. అయినను ఈ రెండు ఊళ్ళలో ఏ పిల్లవానిని పిలిచి, పాత రైలుపెట్టెలలో నడచు బడి ఒకటి ఉండెడిదని చెప్పినను వాని కన్నులు మెరయును. జపాను రచయిత్రి తెత్సుకో కురోయానాగి వ్రాసిన పుస్తకమునకు తెలుగులో ‘రైలుబడి’ అని పేరు పెట్టుటలోని నేర్పు ఇదియే. 1981లో జపానులో వెలువడిన ఈ గ్రంథము మన ఉపాధ్యాయులకు చిరపరిచితము. బడి ఎట్లుండవలెనో చెప్పునపుడు దీనిని ఉదాహరించుట పరిపాటి. పిల్లల మనఃక్షేమమును గూర్చి తల్లిదండ్రులకు ఇది ఏమి నేర్పుచున్నది, ఏమి నేర్పకున్నది అను ప్రశ్న మాత్రము అరుదుగా వినబడును. ఆ ప్రశ్ననే ఇచట పరిశీలింతము.

కథ రచయిత్రి బాల్యమే. తొత్తోచాన్ అను బాలికను మొదటి తరగతిలోనే బడినుండి పంపివేసిరి. ఆమె బల్లమూతను మాటిమాటికి తెరచి మూయును, కిటికీ కడ నిలిచి వీధి వాద్యగాండ్రను పిలుచును, పక్షులతో ముచ్చటలాడును. తల్లి ఆమెను సొసాకు కొబాయాషి 1937లో టోక్యోలో స్థాపించిన టోమోయె పాఠశాలకు తీసికొనిపోయెను. ప్రధానోపాధ్యాయుడైన కొబాయాషి తల్లిని పంపివేసి, బాలిక ఎదుట కూర్చుండి, ఆమె చెప్పినదంతయు సుమారు నాలుగు గంటలసేపు వినెను. ఆవలింత లేదు, మధ్యలో అడ్డుమాట లేదు. 1945లో విమానదాడిలో ఆ బడి తగులబడినది. కాని అచట పొందిన ధైర్యము బాలికను విడువలేదు.

ఇచట పేరును గూర్చి ఒక మాట చెప్పవలెను. జపాను మూలములోని పేరునకు ‘కిటికీ ప్రక్కనున్న తొత్తోచాన్’ అని అర్థము. ఆ దేశములో కిటికీ ప్రక్కవారనగా పనిలేక ప్రక్కకు నెట్టబడిన ఉద్యోగులు. కావున మూలములోని పేరు పాఠకుని చూపును వెలివేయబడిన బిడ్డపై నిలుపుచున్నది. తెలుగుపేరు దానిని బడిపైకి మరల్చినది. పిల్లలకు తెలుగుపేరే ఇంపైనదనుటలో సందేహము లేదు. కాని దానివలన పెద్దలు, “మన ఊళ్ళో అటువంటి బడి లేదు, ఏమి చేయుదుము?” అని పుస్తకము మూసివేయుటకు అవకాశము కలుగుచున్నది. ఈ గ్రంథములో ప్రతి ఇంటికిని పనికివచ్చునవి రైలుపెట్టెలు కావు. రెండు చిన్న పనులు. ఒకటి ఆ నాలుగు గంటల వినికిడి. రెండవది తల్లి మౌనము.

మొదటిదానికి విజ్ఞానశాస్త్రమే సాక్ష్యము. భయపడిన బిడ్డ శరీరములో కార్టిసోల్ వంటి రసములు పెరుగును. నమ్మిన పెద్ద దగ్గరనున్నచో ఆ కలత తగ్గును. 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు హారీ హార్లో తన కోతిపిల్లల ప్రయోగములను వివరించెను. తీగతో చేసిన బొమ్మతల్లి పాలిచ్చుచున్నను, ఆ పిల్లలు గుడ్డతో చేసిన తల్లినే ఎక్కువసేపు కరచుకొనియుండెను. కడుపు నింపుట యొక్కటే పెంపకము కాదని దీనివలన తేలినది. కొబాయాషి చేసినదియు ఇదియే: బిడ్డకు సలహా ఇచ్చుటకు ముందు తన సన్నిధి ఇచ్చెను.

రెండవది ఇంతకంటె సూక్ష్మమైనది. మొదటి బడివారు తనను వెళ్ళగొట్టిన సంగతి తొత్తోచాన్‌కు ఇరువది ఏండ్లు నిండిన తరువాతగాని తెలియలేదు. అంతవరకు తల్లి చెప్పలేదు. క్రొత్త బడికి పోదమని మాత్రమే చెప్పెను. ఈ బడివారును వలదన్నచో ఏమి గతియని తల్లి దారిలో తల్లడిల్లుట మొదటి పుటలలోనే కలదు. ఆ తల్లడింపును ఆమె బిడ్డ భుజములపై మోపలేదు. మన ఇండ్లలో జరుగునది దీనికి విరుద్ధము. చుట్టములు వచ్చినపుడు, “వీనికి లెక్కలు రావు”, “ఇది మొండిది” అని బిడ్డ ఎదుటనే పరిచయము చేయుదుము. వినగా వినగా ఆ పేరే తన స్వభావమని బిడ్డ నమ్మును.

ఇక లోపములు. ఆ తల్లడిల్లిన తల్లి కథ సాగినకొలది వెనుకకు జరిగిపోవుచున్నది. ఆమె ఇంటనే ఉండును. తండ్రి వయొలిన్ విద్వాంసుడు. బడిలో పిల్లలు సుమారు ఏబదిమందియే. ఈ కుటుంబమునకు తీరిక కలదు, బడిని ఎంచుకొను శక్తి కలదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో ఎన్ని ఇండ్లు ఇట్టివి? బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణమున వాడుక. ఈ సీమనుండి గల్ఫు దేశములకు పోయిన తండ్రులు అనేకులు. తల్లులలో చాలమంది చేటలో ఆకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టుచుందురు. పిల్లలలో కొందరు గురుకుల వసతిగృహములలో, కొందరు అమ్మమ్మ కడ పెరుగుచున్నారు. నాలుగు గంటలు కూర్చుండి వినుమని ఈ తల్లితో అన్నచో అది హితవు కాదు, ఎత్తిపొడుపే.

అయినను నిరాశపడనక్కరలేదు. జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమర్పించిన నివేదికలో తల్లి సాన్నిధ్యమునకు మిక్కిలి ప్రాధాన్యమిచ్చెను. 1964లో షాఫర్, ఎమర్సన్ అను పరిశోధకులు గ్లాస్గోలో 60 మంది శిశువులను పరిశీలించి వెలువరించిన ఫలితములు ఆ భావనను విస్తరింపజేసినవి. ఒకటిన్నర ఏండ్లు వచ్చునప్పటికి ఆ శిశువులలో అత్యధికులకు ఒకరికంటె ఎక్కువమందితో గాఢమైన బంధము ఏర్పడినది. తండ్రి, అవ్వ, తాత, అక్క ఎవరైనను ఆ స్థానమును పొందవచ్చును. అనగా అమ్మమ్మ ఒడి లోటును పూడ్చు తాత్కాలికపు ఏర్పాటు కాదు; నిజమైన ఆశ్రయమే. దూరముననున్న తండ్రి ఫోనును ఇట్లే చూడవచ్చును. “మార్కులెన్ని వచ్చినయి బిడ్డా?” అని మొదలుపెట్టిన మాట లెక్కతోనే ముగియును. “ఇయ్యాల ఎవలతోని ఆడినవ్ బిడ్డా?” అని మొదలుపెట్టినచో బిడ్డ మనసు తెరచుకొనును. వారమునకు రెండుమార్లయినను చెప్పిన వేళకు తప్పక వచ్చు పది నిమిషముల మాట, ఎప్పుడో వచ్చు గంటసేపటి మాటకంటె మేలు.

ఇది వట్టి నీతిబోధ కాదు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన కొద్దిదినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరి. ఫలితములలో దొరలిన తప్పులపై ప్రభుత్వము విచారణ సంఘమును నియమించినది. ప్రతి మరణమునకును పరీక్ష యొక్కటే కారణమని చెప్పరాదు. మనోవ్యథకు పలు మూలములుండును. కాని ఫలితము వచ్చిన సాయంకాలము ఇంటిలో వినబడు మొదటి మాట ఏదియో అది చిన్న విషయము కాదు. ఆ మొదటి మాట తిట్టు కాకుండ చూచుకొనుటకు కొబాయాషి వంటి ప్రధానోపాధ్యాయుడు అక్కరలేదు. తప్పిన పరీక్షను మరల వ్రాయవచ్చును.

గ్రంథములోని రెండవ లోపము ఇంకను పెద్దది. ప్రేమ లభించినంతనే అన్నియు చక్కబడునను భ్రమను ఇది కలిగించును. తొత్తోచాన్ అదృష్టవంతురాలు. నేటి పాఠకులకు ఆమె చేష్టలలో శ్రద్ధాలోపపు ఛాయలు తోచవచ్చును. కథ చదివి రోగనిర్ణయము చేయుట తగదు. కాని కొందరు పిల్లలకు వినికిడితో పాటు చికిత్సయు కావలెను. నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో 13 నుండి 17 ఏండ్లవారిలో నూటికి 7.3 మందికి మానసిక రుగ్మతలు కానవచ్చినవి. రెండు వారములుగా నిద్ర, తిండి, ఆట చెడినను, బిడ్డ ఎవరితోను మాటలాడకున్నను, బ్రతుకు వలదను మాట నోట వచ్చినను దిష్టి తీయుటతో సరిపెట్టరాదు. ఒంటరిగా విడువక వైద్యుని కడకు తీసికొనిపోవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యతో ఫోను చేసినచో తెలుగులోనే సలహా లభించును. జ్వరమునకు డాక్టరును అడుగుట సిగ్గు కానపుడు మనసునకు అడుగుట సిగ్గెట్లగును?

ఇన్ని లోపములు చెప్పినను ‘రైలుబడి’ చదువదగిన పుస్తకమే. చదువురాని తల్లులకు పిల్లలే చదివి వినిపింపవచ్చును. అదియే ఒక వినికిడి యగును. ఒక్క మనవి. రైలుపెట్టెల అందము చూచి ముగ్ధులై నిలిచిపోకుడు. పుస్తకము మూసిన తరువాత మన ఇంటి కిటికీ కడ నిలిచిన బిడ్డ ఎవరో ఒకమారు చూడుడు. ఆ బిడ్డ ప్రక్క కొంతసేపు కూర్చుండుటకు రైలు రానవసరము లేదు.