తప్పు సెన్సార్‌దేనా?

2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో మారుతి 800 అమ్మకాలు ఆగిపోయాయి. అక్కడ అమల్లోకి వచ్చిన భారత్ స్టేజ్ 4 కాలుష్య నిబంధనలకు తగ్గట్టు ఆ బండిని మార్చే పని కంపెనీ పెట్టుకోలేదు. ఆ పదమూడింటిలో నెల్లూరు లేదు. అందుకని ఆ జిల్లాలోని ఆత్మకూరు, ఉదయగిరి లాంటి చోట్ల 2014 జనవరిలో తయారీ ఆగేదాకా ఆ కారు కొనుక్కునే వీలుంది. ఇప్పుడు ఇక్కడి షెడ్డుకొచ్చే పాత కారు అంటే కార్బురేటర్ బండి కాదు, 2000 తర్వాత వచ్చిన, కంప్యూటర్ ఇంజెక్టర్లతో పెట్రోల్ పోయించే ఎంపీఎఫ్‌ఐ బండి. బాగుచేసే పెద్ద మేస్త్రీల చెయ్యి తిరిగింది మాత్రం కార్బురేటర్ల మీద, లారీల, ట్రాక్టర్ల డీజిల్ పంపుల మీద.

వాళ్ల విద్యకు కాలం చెల్లిందని, స్కానర్ పెట్టనిదే ఏదీ తేలదని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. అందులో సగమే నిజం.

డీజిల్ షెడ్డులో రోగం పట్టడానికి ఒక వరస ఉండేది. 1951లో మొదలై, 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకున్న మైకో కంపెనీ పంపులే లారీలకు ఎక్కువ. బండి లాగడం లేదని డ్రైవర్ చెప్పగానే ఎవరూ పంపు మీద చెయ్యి వేయరు. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూస్తారు. తర్వాత ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా పైపులు, వాషర్లు తడుముతారు. ఎక్కడైనా ఎయిర్ పట్టి ఉంటే బ్లీడింగ్ బోల్టు వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా హ్యాండ్ ప్రైమర్ కొడతారు. అప్పటికీ కుదరకపోతే అసలు పరీక్ష. ఇంజిన్ నడుస్తుండగానే నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే కాస్త వదులు చేయడం. నట్టు వదలగానే ఇంజిన్ శబ్దం కుంగితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు, ఏ మార్పూ లేకపోతే దొంగ దొరికినట్టు. విప్పిన నాజిల్‌ను టెస్టర్‌కు బిగించి పిడి కొడితే, తుంపరగా చల్లుతోందో చుక్కలు కారుతోందో కంటికే కనిపిస్తుంది. నల్లపొగ వస్తే డీజిల్‌కు సరిపడా గాలి లేదని, నీలిపొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. పంపు కాలిబ్రేషన్‌కు మాత్రం నెల్లూరుకో, విజయవాడ ఆటోనగర్‌కో పంపాల్సిందే.

చౌక పని ముందు, ఖరీదైన పని చివర. ఈ వరస ఎంపీఎఫ్‌ఐ బండికీ చక్కగా సరిపోతుంది. పనిముట్లే మారతాయి.

పెట్రోల్ ఇంజిన్‌లో ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. లోపలికి వెళ్లే గాలి ఎంతో తెలిస్తే తప్ప కంప్యూటర్ ఇంజెక్టర్‌ను ఎంతసేపు తెరిచి ఉంచాలో నిర్ణయించలేదు. తెలుసుకునే దారులు రెండు. గాలి దారిలో వెంట్రుక మందం ప్లాటినం తీగను వేడిగా ఉంచి, దాన్ని గాలి ఎంత చల్లబరుస్తోందో, ఆ వేడి నిలపడానికి ఎంత కరెంటు కావాలో లెక్కగట్టడం ఒకటి. ఇది ఎయిర్ ఫ్లో సెన్సార్, షెడ్డు భాషలో మాఫ్. మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచి, దాన్నిబట్టి గాలిని అంచనా వేయడం రెండోది. అది మ్యాప్. మారుతి 800లో ఉండేది మ్యాప్ సెన్సారే.

ఈ తేడా తెలియక పారేసిన మంచి సెన్సార్లు చాలానే ఉంటాయి. థ్రాటిల్ వెనకాల ఓ రబ్బరు గొట్టం పగిలిందనుకుందాం. మాఫ్ ఉన్న బండిలో ఆ పగులు గుండా దూరే గాలి సెన్సార్ కంట పడదు. లెక్కలో లేని గాలికి పెట్రోల్ చాలదు. ఐడ్లింగ్ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ చచ్చిపోతుంది. మ్యాప్ ఉన్న బండిలో అదే పగులు వల్ల మానిఫోల్డ్ ఒత్తిడి పెరుగుతుంది. కంప్యూటర్ ఆ గాలికి తగ్గ పెట్రోల్ కూడా పోస్తుంది. ఐడ్లింగ్ పెరిగి, యాక్సిలరేటర్ తొక్కకుండానే ఇంజిన్ రేస్ అవుతుంది. ఒక్క పగులే, రెండు బండ్లలో రెండు రోగాలు. రెండింట్లోనూ సెన్సార్ చెప్పింది నిజమే.

మారుతి బండ్లలోని ఆ కాలపు సుజుకి ఇంజిన్లకు స్కానర్ కూడా అక్కర్లేదు. డయాగ్నసిస్ పిన్నులను చిన్న వైరుతో కలిపి తాళం తిప్పితే చెక్ ఇంజిన్ లైటు మిణుకుతుంది. ఒక మిణుకు, కాస్త విరామం, రెండు మిణుకులు అయితే కోడ్ 12, అంటే తప్పేమీ దొరకలేదని. మ్యాప్ కోడ్ వచ్చినా సెన్సార్ పోయినట్టు కాదు, దాని నుంచి అందే ఓల్టేజీ హద్దు దాటిందని మాత్రమే. వైరును ఎలుక కొరికినా, ఎర్త్ వదులైనా, ప్లగ్‌లో తుప్పు పట్టినా అదే కోడ్. ఇక్కడ చెవి పనిచేయదు, మల్టీమీటర్ కావాలి. సెన్సార్ మూడు వైర్లలో ఒకదాంట్లో 5 ఓల్టులు రావాలి, ఒకటి ఎర్త్. మూడోదాంట్లో తాళం తిప్పి ఉంచినప్పుడు దాదాపు 4 ఓల్టులు, స్టార్ట్ కాగానే ఒకటికి కాస్త పైన. మీటర్ చూస్తూ వైర్లు కదిలిస్తే అంకె ఎగిరిపడే చోటే రోగం ఉంటుంది. చెవికి పని పూర్తిగా పోలేదు. తాళం తిప్పగానే ట్యాంకులోని పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు గుయ్యిమనాలి. ఇంజెక్టర్‌కు స్క్రూడ్రైవర్ ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుంటే టిక్‌టిక్ వినబడాలి.

ఇక దుమ్ము. మెట్ట పొలాల బాటల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ ఎంత తొందరగా పూడుతుందో ఈ ప్రాంతపు వాళ్లకు చెప్పక్కర్లేదు. పేపర్ ఫిల్టర్‌ను లోపలి నుంచి బయటికి ఊదాలి, అదీ మెల్లగా. చిరిగిన ఫిల్టర్‌తో నడిపితే దుమ్ము మాఫ్ తీగకు పట్టి, అది గాలిని తక్కువగా చూపిస్తుంది, బండికి పికప్ పోతుంది. తీగను ఎయిర్ గన్‌తో ఊదడం, గుడ్డతో తుడవడం రెండూ దాన్ని తెంపే పనులే. దానికోసమే అమ్మే క్లీనర్ స్ప్రే కొట్టి, ఆరనిచ్చి బిగించాలి.

పాత విద్యలో ఒక్కటి మాత్రం కచ్చితంగా వదిలేయాలి. కామన్ రైల్ డీజిల్ బండిలో నడుస్తున్న ఇంజిన్ పైపు నట్టు వదలకూడదు. వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళుతుంది. పైకి సూదిపోటంత గాయమే కనిపించినా చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. దానికి బదులు రిటర్న్ టెస్ట్ ఉంది. ప్రతి ఇంజెక్టర్ రిటర్న్ గొట్టానికీ ఓ చిన్న సీసా తగిలించి కాసేపు నడిపితే, మిగతావాటికన్నా ఎక్కువ నిండిన సీసా అరిగిన ఇంజెక్టర్‌ను పట్టిస్తుంది. సిలిండర్లను ఒకదానితో ఒకటి పోల్చి చూడడమన్న ఆలోచన పాతదే.

పని ముగిశాక పాత కోడ్ చెరిపి, బండికి బరువు పడేలా ఎత్తు రోడ్డు మీద నడిపి మళ్లీ చూడాలి. గాలి లీకు లేదు, వైర్లు బాగున్నాయి, అయినా అదే కోడ్ వస్తోందంటే అప్పుడు సెన్సార్ వంతు. తెలిసిన మేస్త్రి అప్పుడు కూడా కొత్తది తెమ్మనడు. గుజిరీ అంగడి నుంచో, పక్కన ఆగి ఉన్న అదే మోడల్ బండి నుంచో ఒకటి తెచ్చి పెట్టి చూస్తాడు.