మదరాసు బ్యాంకు భవనం: వస్తువూ, శిల్పమూ

వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అన్న వాదం మన పత్రికల్లో చాలా నలిగిన మాట వాస్తవమే. అయితే ఆ వాదమంతా కథల చుట్టూ, కవితల చుట్టూ తిరిగిందే గాని, నగరాల నడుమ నిలబడ్డ కట్టడాల దగ్గరకు రాలేదు. కట్టడమంటే ఇంజనీర్ల సంగతి అని మన విమర్శకులు తప్పుకుంటారు; లేదా యాత్రికుల పుస్తకాల్లోని విశేషణాలను అరువు తెచ్చుకుంటారు. మదరాసు సముద్రతీరపు రోడ్డు మీద, అంటే నేటి చెన్నై రాజాజీ శాలైలో, 1897లో లేచిన మదరాసు బ్యాంకు భవనం అంతకు మించిన పరిశీలనకు తగినది. 1953 దాకా కోస్తా, రాయలసీమ జిల్లాలను పాలించింది మదరాసే కనుక ఈ కథలో మన రైతుకూ పాలున్నది.

ముందు రూపం చూద్దాం. ఎర్ర ఇటుక, గుమ్మటాలు, కమానులు, లోపల రంగుటద్దాలు. ఈ శైలికి ఇండో సారసెనిక్ అని పేరు. మొదట నమూనా గీసినవాడు కర్నల్ శామ్యూల్ స్వింటన్ జేకబ్. దాన్ని సవరించినవాడు హెన్రీ ఇర్విన్. సిమ్లాలో వైస్రాయి నివాసానికీ, తరువాత మైసూరు రాజప్రాసాదానికీ రూపకల్పన చేసినవాడు. కంట్రాక్టు తీసుకొని కట్టినవాడు తెలుగు వైశ్య కుటుంబానికి చెందిన తాటికొండ నంబెరుమాళ్ళు చెట్టి. ముగ్గురి పేర్లూ చరిత్రలో ఉన్నాయి. ఇటుక కాల్చినవారి పేర్లు, సున్నం నూరినవారి పేర్లు లేవు.

జేకబ్ జయపూరు సంస్థానంలో ఇంజనీరు. ఆయన 1890 నుండి ఉత్తరాది పాత కట్టడాల కమానులు, స్తంభాలు, పీఠాలు ఒక్కొక్కటిగా కొలిపించి, గీయించి, సంపుటాలుగా అచ్చు వేయించాడు. పని మెచ్చుకోదగ్గదే. ఆ బొమ్మలు గీసిన దేశీయ చిత్రకారుల చేతివాటం చూస్తే ఎవరికైనా ముచ్చట వేస్తుంది. కాని ఫలితం గమనించాలి. ఒక మసీదులోనో, కోటలోనో పుట్టిన కమానుకు అక్కడ ఒక పని ఉండేది, ఒక జీవితం ఉండేది. సంపుటంలోకి ఎక్కిన తరువాత అది ఏ భవనానికైనా తగిలించగల నగ అయింది. కచేరీకి తగిలించవచ్చు, మ్యూజియానికి తగిలించవచ్చు, బ్యాంకుకూ తగిలించవచ్చు. గద్దె దింపినవాడి తలపాగా తాను చుట్టుకొని దర్బారు తీర్చడం లాంటిదే ఈ శైలి. పరాయి సంస్థకు స్వదేశీ ముఖం కావలసి వచ్చింది. శిల్పం ఆ ముఖాన్ని అందించింది.

ఇక వస్తువు. మదరాసు బ్యాంకు 1843లో 30 లక్షల రూపాయల మూలధనంతో వెలసింది. తొలినాళ్ళలో ప్రభుత్వానికీ అందులో వాటా ఉండేది. డైరెక్టర్లలో అధికులు ఐరోపా వర్తక కంపెనీల భాగస్వాములు. నోట్లు అచ్చువేసే హక్కు 1861 చట్టంతో పోయింది. బదులుగా సర్కారు సొమ్ము దాచే హక్కు దక్కింది. 1876 తరువాత ప్రభుత్వం అందులో కొంత తన సొంత ఖజానాలకు తరలించుకొన్నా, కొంత బ్యాంకు దగ్గరే నిలిచింది. ఆ సర్కారు సొమ్ములో భూమిశిస్తు పెద్ద పద్దు. అంటే పన్ను కట్టే రైతుకు ఈ బ్యాంకు పరాయిది కాదు. అతడు డబ్బు పంపే దారిలోనే అది ఉన్నది.

అప్పు కావలసినప్పుడు మాత్రం దారి మూసుకుపోయేది. 1876 నాటి ప్రెసిడెన్సీ బ్యాంకుల చట్టం ప్రకారం ఈ బ్యాంకులు భూమి తాకట్టు మీద అప్పు ఇవ్వరాదు. మూడు నెలలకు మించిన గడువు ఇవ్వరాదు. ప్రాంసరీ నోటు మీద ఒకరితో ఒకరికి భాగస్వామ్యం లేని ఇద్దరి పూచీ ఉండాలి. గిడ్డంగిలో చేరిన సరుకు మీద మాత్రం అప్పు పుట్టేది. కాబట్టి వడ్లు పొలంలో ఉన్నంతకాలం బ్యాంకు కంటికి ఆనవు. షావుకారు కొని గోదాములో పోయించగానే ఆనుతాయి! దక్షిణాదిని మహాక్షామం పట్టిన ఏడే ఈ చట్టమూ పుట్టింది. ఎవరూ కావాలని రెంటినీ జత చేయలేదు, నిజమే. అయినా రైతు చేతిలో భూమి తప్ప మరొకటి లేని దేశంలో భూమిని మాత్రం తాకట్టుగా ఒప్పుకోని బ్యాంకు ఎవరి కోసమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ భవనం లేచిన సంవత్సరాలలోనే, ఇదే రాజధానిలో, ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి వ్యవసాయ బ్యాంకుల మీద ప్రభుత్వానికి నివేదిక వ్రాశాడు. మొదటి సంపుటం 1895లో, రెండవది భవనం పూర్తయిన 1897లోనే వెలువడ్డాయి. రాజధానిలోని గ్రామీణ ఋణాన్ని ఆయన 45 కోట్ల రూపాయలుగా లెక్కగట్టాడు. మందు కోసం జర్మనీలోని రైఫైజెన్ సహకార సంఘాలవైపు చూపాడు. 1904 సహకార చట్టానికి దారితీసిన వాటిలో అదొకటి. మదరాసు కట్టడాల మీద వచ్చే బొమ్మల పుస్తకాలలో ఈ నివేదిక ప్రసక్తి ఉండదు. నా దృష్టిలో మాత్రం ఆ గుమ్మటాలకు సరైన వ్యాఖ్యానం అదే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు, రావాలి కూడా. బ్యాంకు జాగ్రత్త అంతా కుట్రేనా? కాదు. పత్తి జూదంలో పాత బొంబాయి బ్యాంకు మునిగి 1868లో మూతపడింది. ఆ దెబ్బకు జడిసే 1876 చట్టం కట్టుదిట్టం చేసింది. 1906 అక్టోబరులో మదరాసులోనే ఆర్బత్‌నాట్ కంపెనీ కూలిపోయి ఎందరో మధ్యతరగతివారి కష్టార్జితం మంటగలిసింది; దాని పెద్ద జైలుకు వెళ్ళాడు. ఆ గాయం నుంచే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. ఎర్ర భవనం మాత్రం చెక్కుచెదరలేదు. డిపాజిటుదారుకు ఆ గోడలు నిజంగానే రక్ష. ఒకరికి రక్ష అయిన గోడే మరొకరికి అడ్డుగోడ కావడం వర్గసమాజపు లక్షణం. ఈ రెండు ముఖాలనూ కలిపి చూడని విమర్శ ఉపన్యాసంగా మిగిలిపోతుంది.

1921లో మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులు కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయినాయి. రైతు స్థితి ఏమైంది? 1951–52 గ్రామీణ పరపతి సర్వేలో తేలిన లెక్క ఇది: రైతులు తెచ్చిన అప్పులో వాణిజ్య బ్యాంకుల వంతు నూటికి 0.9. వడ్డీవ్యాపారుల వంతు దాదాపు 70. గోర్వాలా కమిటీ ఈ అంకెలు ముందుంచి సిఫారసు చేసిన మీదటనే 1955 జూలై 1న ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా జాతీయమైంది. అయిదేళ్ళలో 400 శాఖలు తెరవాలని బాధ్యత కూడా దాని నెత్తిన పెట్టారు.

వస్తువు మారితే రూపం దానంతటదే మారుతుందని యాంత్రికంగా వాదించే మిత్రులు ఇక్కడ కాసేపు ఆగాలి. 1955లో ఈ భవనం గుమ్మటాలు అలాగే ఉన్నాయి, రంగుటద్దాలు అలాగే ఉన్నాయి. మారింది యాజమాన్యం. నాటి వరకు దర్పంగా కనిపించిన ఇటుకే ప్రజల ఆస్తి అయింది. వలస పాలన గుర్తు కనుక కూల్చివేయాలనే ఆవేశం ఈ కారణం చేతనే నాకు రుచించదు. 2014 జూలైలో అగ్నిప్రమాదం జరిగి ఈ భవనం పైభాగం దెబ్బతిన్నప్పుడు బాధపడినవారి బాధ న్యాయమైనదే. నంబెరుమాళ్ళు చెట్టి కింద పనిచేసిన మేస్త్రీల పనితనానికి ఇదొక స్మారకం.

అయితే యాజమాన్యం మారినంత మాత్రాన కౌంటరు పూర్తిగా తెరుచుకొన్నదా? 1876లో రైతు పట్టా చూపినా బ్యాంకుకు పనికిరాలేదు. నేడు గోదావరి, కృష్ణా డెల్టాలలో కౌలు రైతు పట్టా చూపలేడు కనుక బ్యాంకుకు పనికిరాకుండా పోతున్నాడు. అతనికి ఋణ అర్హత కార్డు ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, 2019లో మరొకటి చేయవలసి వచ్చింది. చట్టాలు వచ్చిన తరువాత కూడా, పైరు మీద అప్పు కోసం కౌలుదారు ముందుగా భూయజమాని ఇంటికి, ఆ పైన వడ్డీవ్యాపారి ఇంటికి నడుస్తూనే ఉన్నాడు.