తుంగపుల్ల దీపం – ఆముదం దీపం

ఇంగ్లండులో హాంప్‌షైర్ ప్రాంతాన సెల్బర్న్ అని ఓ చిన్న పల్లె. ఆ ఊరి చర్చిలో పాదిరీగా పనిచేసిన గిల్బర్ట్ వైట్, లోకంలో మరో విషయమే దొరకనట్టు ఆ ఊరి పిట్టల గురించీ, వానపాముల గురించీ, మేనత్త పోయాక తనకు సంక్రమించిన ముసలి తాబేలు గురించీ స్నేహితులకు ఉత్తరాలు రాశాడు. 1789లో అవి పుస్తకమయ్యాయి. ఇవాళ్టికీ చదివేవాళ్ళున్నారు!

నన్ను పట్టుకున్నది తాబేలు కాదు, ఒక ఉత్తరం. పేదింటి ఇల్లాలు తుంగపుల్లల తొక్క ఒలిచి, పందిమాంసం ఉడికిన కుండలో పైకి తేలిన కొవ్వు తీసి దాచి, అందులో ముంచి దీపాలు చేసుకునేదట. ఎంత ఖర్చుకు ఎన్ని గంటల వెలుగో కూడా లెక్కగట్టాడాయన.

మనకు అలాంటి పుస్తకం లేదా? ఎందుకు లేదూ! గద్వాల సీమలోని ఇటిక్యాలపాడు వారు సురవరం ప్రతాపరెడ్డిగారు రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఉంది. 1949లో వచ్చింది. 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిపెట్టింది. రాజుల యుద్ధాలు పక్కనబెట్టి జనం తిండీ, బట్టా, ఆటలూ, నమ్మకాలూ వెతికారు రెడ్డిగారు. ఎక్కడ? ఎక్కువగా కావ్యాల్లో. సోమనాథుడి కృతులూ, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి – అన్నీ జల్లెడ పట్టారు.

పాపం, వేరే దారేదీ? ఇంగ్లండులో 1538 నుంచీ కూలివాడి పెళ్ళీ, చావూ కూడా చర్చి పుస్తకానికెక్కేవి. మన కరణాల దస్త్రాల్లో భూమీ, శిస్తే గాని ఇల్లాలి ఊసెక్కడ?

అయినా ఒక వెలితి చెప్పక తప్పదు. కావ్యంలో ఆడది కవి కంటికి ఆనినట్టే కనిపిస్తుంది. ఆమె కట్టిన చీర తెలుస్తుంది, ఆమె వేసుకున్న లెక్క తెలియదు. అది రెడ్డిగారి లోపం కాదు, చేతికందిన సామగ్రి లోపం.

మా అత్తగారిది వనపర్తి దగ్గర పల్లె. చిన్నప్పుడు ఇంట్లో ఆముదం ఎలా వండేవారో మొన్న చెప్పారు. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి, పైకి తేలిన నూనె గరిటెతో తీసేవారట. అచ్చం సెల్బర్న్ ఇల్లాలు కొవ్వు తీసినట్టే! నేను కాగితం తెచ్చుకుంటే, “గిది గూడ రాసుకుంటవా బిడ్డా?” అని నవ్వారు. నవ్వుతూనే, శేరు గింజలకు ఎంత నూనె దిగేదో, అది ఎన్ని రాత్రులు వెలిగేదో వేళ్ళు మడిచి లెక్క చెప్పారు. ఆ లెక్క ఏ కావ్యంలోనూ లేదు. ఆవిడ తర్వాత చెప్పేవాళ్ళూ మా ఇంట లేరు.

గద్వాలలోనో నాగర్‌కర్నూలులోనో మీకూ ఇలాంటి పెద్దావిడ ఉంటే, ముందు రెడ్డిగారి పుస్తకం చదవండి. తర్వాత కాగితం తీసుకుని ఆవిడ పక్కన కూర్చోండి.