మోచేతికి ఒక మంచిమాట

ఒంట్లో ఏ భాగానికి ఎంత మర్యాద ఇవ్వాలో తెలుగు సామెతలు ఎప్పుడో తేల్చేసుకున్నాయి. భుజానికి పెద్దపీట. బాధ్యతను భుజాన వేసుకుంటారు, నమ్మినవాణ్ని కుడిభుజం అంటారు, మెచ్చుకుంటే భుజం తడతారు. చేతిది కలగాపులగం జాతకం. పంట చేతికి రావచ్చు, చేతి చమురు వదలనూ వచ్చు. మోచేతి దగ్గరికొచ్చేసరికి మాత్రం అంతా అవమానమే. ఇంకొకరి దయ మీద బతికేవాడు మోచేతి నీళ్లు తాగుతున్నాడంటారు. ఆశపెట్టి అందకుండా చేస్తే మోచేతికి బెల్లం రాశారంటారు. ఆ బెల్లం దాదాపు ఎవరి నాలుకకూ అందదు. భుజం నుంచి మోచేతి దాకా ఉన్నది ఒక్కటే పొడుగాటి ఎముక, నడుమ ఎక్కడా వంగదు మరి.

తనకు అందని నోటికి రోజూ బుక్క అందించేది ఆ మోచెయ్యే. అది వంగకపోతే కంచం ముందున్నా కడుపు నిండదు. రెక్కాడితేగానీ డొక్కాడదన్న మాటలో రెక్క ఆడేది ప్రధానంగా అక్కడే.

అయితే బరువు మోయడం మాత్రం మోచేతి వల్ల కాదు. జమ్మికుంట పత్తి మార్కెట్ యార్డులో సీజనంతా ఆ సంగతి కళ్లారా చూడొచ్చు. నిండు బస్తాను ముందుకు చాపిన చేతుల మీద మోసే హమాలీ ఉండడు. ఇద్దరు చెరో కొస పట్టి లేపితే, మూడోవాడు వంగి వీపు పడతాడు. దీని వెనక గట్టి లెక్క ఉంది. మోచేతిని వంచే జబ్బ కండ ముంజేతి ఎముకకు అతుక్కునేది కీలుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే. బరువుండేది అరచేతిలో, అంటే సుమారు 35 సెంటీమీటర్ల అవతల. మోచెయ్యి మడిచి అరచేతిలో 5 కిలోలు పట్టుకుంటే కండ 35, 40 కిలోల బలంతో గుంజాలి. బరువును మొండేనికి దగ్గరగా తెచ్చి భుజానికో వీపుకో ఎక్కిస్తే ఆ బాధ తప్పుతుంది. బాధ్యతను భుజాన వేసుకోవడం పొగడ్తగా పుట్టిన మాట కాదేమో, బరువు మోసేవాళ్ల తెలివే అయివుండాలి.

బరువు దగ్గర నష్టపోయిన మోచెయ్యి వేగం దగ్గర లాభపడింది. కండ అంగుళం ముడుచుకుంటే అరచెయ్యి ఏడెనిమిది అంగుళాలు కదులుతుంది. చేన్లలో పత్తి ఏరేటప్పుడు పనికొచ్చేది ఈ వేగమే. నడుముకు కట్టుకున్న ఒడి, ఎదురుగా చెట్టు, రెంటి నడుమ చేతుల రాకపోకలు. కాయకు నాలుగైదు గ్రాముల పత్తి లెక్కన క్వింటాలుకు 20 వేలకు పైగా కాయలు కావాలి. పగిలిన కాయ డొప్పల మొనలు వేళ్లకు గుచ్చుకుంటాయి, ఎండాకు పత్తికి అంటితే ధర తగ్గుతుంది. కైకిలికొచ్చిన ఆడవాళ్లు అందుకే లాగరు, మణికట్టును కాస్త తిప్పి తీస్తారు. ముంజేతిలో రెండు ఎముకలున్నాయి, బొటనవేలి వైపుది రెండోదాని మీదుగా దొర్లుతుంది. ఆ మెలిక వచ్చేది దానివల్లే.

యార్డులో ఖరీదుదారు పని ఇంకా సున్నితం. బస్తాలోంచి పిడికెడు పత్తి తీసి, గింజ నుంచి దూదిని విడదీసి, రెండు బొటనవేళ్ల నడుమ సాగదీసి పింజ పొడవు చూస్తాడు. పొడవు పింజ అంటే 30 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. తేమ 8 శాతం దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) ధర తగ్గిస్తుంది, 12 దాటితే అసలు కొనదు. ఇప్పుడు దానికి మీటరుంది, అయినా గుప్పిట పట్టి నొక్కి చూడకుండా ఉండలేరు. ఇంత పని చేసే వేళ్లలో చెప్పుకోదగ్గ కండ ఒక్కటీ లేదంటే నమ్మబుద్ధి కాదు. వాటిని బలంగా ముడిచే కండలు ముంజేతిలో ఉంటాయి, అక్కణ్నుంచి నరాల్లాంటి గట్టి తాళ్లు మణికట్టు దాటి వేలి కొసల దాకా వెళతాయి. 1543లో వైద్యుడు వెసేలియస్ అచ్చువేయించిన శరీర నిర్మాణ గ్రంథంలో ఆయన తన బొమ్మ వేయించుకున్నది తల పక్కనో గుండె పక్కనో కాదు, కోసి విప్పిన ఒక ముంజేతి పక్కన.

మన సుశ్రుతుడూ మోచేతిని చిన్నచూపు చూడలేదు. 107 మర్మాల్లో దాన్ని కూర్పరమని లెక్కించి, దెబ్బ తగిలితే అవిటితనం వస్తుందన్నాడు. పూలమ్మే ఆమె మూరకు మొదలూ అదే. ఈజిప్టు పిరమిడ్లు కట్టినవాళ్లూ మూరలతోనే కొలిచారు, వాళ్ల రాజమూర సుమారు 52 సెంటీమీటర్లు. మన బజారు మూర అంతకంటే చిన్నది, పండగ రోజు ఇంకా చిన్నది.

మోచేతికి గొప్పింటి పేరున్న జబ్బు కూడా ఒకటుంది, టెన్నిస్ ఎల్బో. 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో టెన్నిస్ ఆడేవాళ్లను చూసి పెట్టిన పేరది. అస్తమానం పట్టుబిగించి మణికట్టు ఆడించేవాళ్లకు మోచేతి బయటివైపు, మణికట్టును ఆడించే కండ ఎముక మీద అతుక్కున్న చోట దెబ్బతిని నొప్పి పుడుతుంది. రాకెట్టును చూడనివాళ్లకే ఎక్కువగా వస్తుంది. బిందె ఎత్తితే సలుపు, తువ్వాలు పిండితే సలుపు. చేన్లలో దానికి వేరే పేరేమీ లేదు, "రెక్కలు గుంజుతున్నయ్" అంటారు. డాక్టర్లు ముందు చెప్పేది కొన్ని వారాలపాటు ఆ పని తగ్గించమని. పత్తి పగిలేది, కిలో లెక్కన కూలి దొరికేది ఆ వారాల్లోనే.