గని కథ చెప్పే గొంతు

కార్డిఫ్ నుంచి కారులో దక్షిణ వేల్సు లోయల వెంట బ్లైనావన్ చేరేవారికి కొండమీద ఒక ఇనుప గోపురం, దానిపై పెద్ద చక్రం కనిపిస్తాయి. ఆ గని పేరు బిగ్ పిట్. మన సింగరేణివాళ్ల మాటలో 'బాయి'. 1860లో తవ్వారు, 1980లో మూసేశారు. 1983 నుంచి అది మ్యూజియం. సాహిత్య విద్యార్థికి అక్కడేం పని అని మా మిత్రులడిగారు. గనిని కథగా చెప్పే పద్ధతిని పరిశీలించడమే నా పని.

గడియారాలు, ఫోనులు, అగ్గిపెట్టెలు పైనే అప్పగించాలి. టోపీకి దీపం తగిలించుకొని, ఇనుప బోనులో మూడువందల అడుగులు దిగాము. మమ్మల్ని నడిపించినవాడు గనిలో పనిచేసిన మనిషి. ఒకచోట దీపాలన్నీ ఆర్పమన్నాడు. తన చెయ్యి తనకు కనబడని చీకటి. బ్రిటిషు గనుల్లో గాలితలుపులు తెరిచి మూసేందుకు పసివాళ్లను యిటువంటి చీకట్లోనే కూర్చోబెట్టేవారని అప్పుడు చెప్పాడు. స్త్రీలనూ, పదేళ్లలోపు మగపిల్లలనూ భూగర్భంలో పని చేయించరాదన్న చట్టం 1842లోగాని రాలేదు. మరికొంత దూరంలో గుర్రపుసాల. ఒక్కొక్క గుర్రం పేరు వ్రాసి వుంది. అవి చదివి మాలో ఒకరు కంటతడి పెట్టారు. తలుపుల దగ్గరి పిల్లల పేర్లు మాత్రం నాకు కనిపించలేదు. జాలికి కూడా పేరు కావాలి కాబోలు.

వేల్సు గనుల గురించి లోకానికి బాగా తెలిసిన నవల రిచర్డ్ లెవెలిన్ 1939లో ప్రచురించిన 'హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ'. 1941లో జాన్ ఫోర్డ్ దాన్ని సినిమాగా తీశాడు. సమ్మె అందులోనూ వుంది. కాని కథకుని చూపంతా పోయినదాన్ని తలచుకొని వగచే చూపు. లూయిస్ జోన్స్ స్వయంగా గని కార్మికుడు, కమ్యూనిస్టు. ఆయన 'క్వమార్డీ' 1937లో, 'వుయ్ లివ్' 1939లో వచ్చాయి. శిల్పంలో తొందర వుంది, వుపన్యాసాలు ఎక్కువ; ఒప్పుకోవలసిందే. అయినా ఆయన కార్మికులు తమలో తాము వాదించుకుంటారు, పొరబడతారు, నిర్ణయాలు చేస్తారు. మన అభిమానం ఎటో వేరే చెప్పనక్కరలేదు.

పనిచేసిన మనిషి మాట్లాడినంతకాలం బిగ్ పిట్ జోన్స్ పక్షాన వుంటుంది. ఆ గొంతు తరిగిపోతున్నది. 1984-85 సమ్మె ఓడిన తరువాత అక్కడి గనులు వరుసగా మూతపడ్డాయి. తమ పరిహారపు డబ్బు పోగేసి కార్మికులే 1995లో కొనుక్కున్న టవర్ గని సైతం 2008లో ఆగిపోయింది. రేపు చెప్పేవాడు పాఠం బట్టీపట్టినవాడైతే, మిగిలేది లెవెలిన్ లోయ.

గని మూసినరోజు యెలా వుండిందని మా మనిషిని అడిగాను. జవాబు చెప్పలేదు, దీపం సరిచేసుకొని ముందుకు నడిచాడు. రికార్డు చేసిన గొంతుకు అలా వూరుకోవడం చేతకాదు.

మా కళాశాలలో సింగరేణి కార్మికుల పిల్లలు చదువుతున్నారు. తిరిగి వచ్చాక వాళ్లను, తండ్రి బాయిలో దిగిన మొదటిరోజు సంగతి ఆయన మాటల్లోనే వ్రాసి తెమ్మన్నాను. యిద్దరు తెచ్చారు. మూడోవాడు, "మా నాయిన చెప్పడు సార్" అన్నాడు.