సంఘం నోట పలికే స్తుతి

క్రైస్తవ ఆరాధనలో సంఘమంతా కలిసి పాడే స్తుతి కీర్తనకు తక్కిన కవిత్వానికి లేని ఒక కట్టుబాటు ఉంది. కవి తన అనుభవాన్ని తన గొంతుతో చెప్పుకొంటే అది భావగీతం కాగలదు గాని సంఘ కీర్తన కాజాలదు. అక్షరం రాని వృద్ధురాలూ, శాస్త్రాలు చదివిన పండితుడూ, నిన్ననే బిడ్డను సమాధి చేసి వచ్చిన తండ్రీ పక్కపక్కన నిలబడి, ఆ మాటలు తమవే అన్నంత నమ్మకంతో కలిసి పలకగలిగినప్పుడే అది కీర్తన అవుతుంది. కాబట్టి కీర్తనకారుని నేర్పును అతడు తన ప్రతిభను ఎక్కడ ఆపుకొన్నాడన్నదాన్ని బట్టే కొలవవలసి ఉంటుంది. ఈ నిగ్రహాన్ని తెలిసి, లెక్క వేసి పాటించినవారిలో ఇంగ్లండుకు చెందిన ఐజాక్ వాట్స్ (1674–1748) అగ్రగణ్యుడు.

వాట్స్ సౌతాంప్టన్‌లో, ప్రభుత్వ చర్చి విధానాన్ని అంగీకరించక విడిగా ఆరాధించుకొనే 'నాన్‌కన్ఫార్మిస్టు' కుటుంబంలో జన్మించాడు. ఆ విశ్వాసం నిమిత్తమే ఆయన తండ్రి చెరసాల అనుభవించాడు. ఆ కాలపు ఇంగ్లిషు సంఘాలలో పాట అంటే ప్రధానంగా బైబిలులోని దావీదు కీర్తనలను ఛందస్సులో పెట్టిన అనువాదమే. దేవుని వాక్యాన్ని తప్ప మనుషులు కల్పించిన మాటలను ఆరాధనలో పాడరాదన్న కాల్విన్ సంప్రదాయపు పట్టుదల దీనికి మూలం. ఆ పట్టుదలలో నిజమైన భక్తి ఉన్నది గాని, దాని ఫలితంగా క్రీస్తు పేరు ఎత్తకుండానే క్రైస్తవ సంఘం తన పాట ముగించవలసి వచ్చేది. వాట్స్ 1707లో 'హిమ్స్ అండ్ స్పిరిచ్యువల్ సాంగ్స్' అనే స్వతంత్ర కీర్తనల సంపుటాన్ని, 1719లో దావీదు కీర్తనలను క్రొత్త నిబంధన వెలుగులో తిరగరాసిన మరో సంపుటాన్ని వెలువరించి ఆ అడ్డును తొలగించాడు. నేడు క్రిస్మస్ పాటగా లోకమంతటా వినిపించే 'జాయ్ టు ద వరల్డ్' ఈ రెండో సంపుటంలో 98వ కీర్తనకు ఆయన ఇచ్చిన రూపమే. అందులో బేత్లెహేము గాని, పశువుల తొట్టి గాని, గొల్లలు గాని కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఆయన పనితనం అసలు తెలిసేది ఛందస్సు దగ్గర. నాటి సంఘాలకు తెలిసిన వరుసలు కొద్ది కాబట్టి, వాట్స్ చాలావరకు మూడు ఛందాలకే తన్ను తాను పరిమితం చేసుకొన్నాడు. వాటిలో 'కామన్ మీటర్' అనేదానిలో నాలుగు పాదాలకు వరుసగా 8, 6, 8, 6 అక్షరాలు ఉంటాయి. 'లాంగ్ మీటర్'లో ప్రతి పాదానికీ 8 అక్షరాలు. 'షార్ట్ మీటర్'లో 6, 6, 8, 6. ఇక్కడ అక్షరమంటే ఒక అచ్చుతో పలికే ఉచ్చారణ ఖండమని గ్రహించాలి. ఛందం కుదిరితే ఏ కీర్తననైనా అదే కొలత గల ఏ వరుసలోనైనా పాడవచ్చును గనుక, పది వరుసలు వచ్చిన సంఘానికి వందల కీర్తనలు ఒక్కసారిగా అందుబాటులోకి వచ్చేవి. దీనికి తోడు, పుస్తకాలు కరవైన ఆ రోజుల్లో పాట నడిపించేవాడు ఒక్కొక్క పాదాన్ని ముందుగా చదివితే సంఘం దానిని అందుకొని పాడే ఆచారం ఉండేది. ఆ ఆచారంలో అర్థం పాదం మధ్యలో తెగి తరువాతి పాదంలోకి జారితే పాడేవారికి చేతికందేది సగం మాటే. అందుచేత వాట్స్ సాధ్యమైనంతవరకు పాదం ముగిసేచోటనే భావమూ ముగిసేటట్లు రాశాడు. ఉపమానాలను సామాన్యుల గ్రహణశక్తికి తగిన స్థాయికి దించానని ముందుమాటలో ఆయన స్వయంగా చెప్పుకొన్నాడు. కొన్ని చరణాలు కొన్ని సంఘాలకు బరువనిపించవచ్చునని భావించి, వాటిని వదలి పాడుకోవచ్చునన్న గుర్తుగా కుండలీకరణాలలో ఉంచాడు. 1724లో తర్కశాస్త్ర గ్రంథం రాసి, అది చాలాకాలం పాఠ్యపుస్తకంగా నిలిచేంతటి పాండిత్యం గలవాడు, తన పద్యంలో ఏది తీసివేయవచ్చునో తానే గుర్తు పెట్టి ఇవ్వడం సాహిత్య చరిత్రలో అరుదైన ఔదార్యం.

వాట్స్ తొలి సంపుటం వెలువడిన 1707లోనే జన్మించిన చార్లెస్ వెస్లీ (మరణం 1788) స్వభావం వేరు. 1738 మే నెలలో కలిగిన ఆత్మీయ అనుభవం తరువాత ఆయన గుర్రంమీద ప్రయాణిస్తూ కూడా పాదాలు కట్టుకొంటూ, జీవితకాలంలో 6,000కు పైగా కీర్తనలు రాశాడు; వాట్స్ మూడు ఛందాలతో సరిపెట్టుకొన్నచోట వెస్లీ ఎన్నో కొలతలు వాడాడు, 'నేను' అన్న మాటను ధైర్యంగా ముందుకు తెచ్చాడు. అయినా ఆయన రచన సంఘం చేతిలో పడగానే రూపు మారింది. తన మారుమనస్సు వార్షికోత్సవ సందర్భంగా ఆయన 18 చరణాల కీర్తన ఒకటి రాయగా, అన్న జాన్ వెస్లీ 1780లో మెథడిస్టుల కోసం కూర్చిన సంపుటంలో దానిలోని ఏడవ చరణమే మొదటిదై, ఆ కీర్తనే పుస్తకానికి ఆరంభమయింది. లోకం నేటికీ 'ఓ ఫర్ ఎ థౌజండ్ టంగ్స్' అని ఆ ఏడవ చరణం పేరుతోనే దానిని ఎరుగును. ఆ సంపుటం ముందుమాటలో తమ కీర్తనలను ఎవరైనా ముద్రించుకోవచ్చును గాని దిద్దవద్దని జాన్ కోరాడు. ఆ కోరిక న్యాయమైనదే అయినప్పటికీ, కొన్ని తరాలుగా పాడుకొన్న నోళ్లు ఒక కీర్తనపై సంపాదించుకొనే హక్కు కూడా తక్కువది కాదు.

కీర్తనకారుడు తన్ను తాను వెనక్కు తగ్గించుకోవడం అమెరికాలోనూ కనిపిస్తుంది. అక్కడి ఫానీ క్రాస్బీ (1820–1915) పసితనంలోనే చూపు కోల్పోయి, 8,000కు పైగా కీర్తనలు చెప్పి రాయించింది. ఒకే పేరుతో పుస్తకం నిండిపోతున్నదని ప్రచురణకర్తలు సంకోచించగా అనేక మారుపేర్లు పెట్టుకొన్నది. 1873 నాటి ఆమె ప్రసిద్ధ కీర్తన 'బ్లెస్డ్ అష్యూరెన్స్'కు స్నేహితురాలు ఫీబీ న్యాప్ కట్టిన వరుస ముందు పుట్టింది, మాటలు తరువాత వచ్చాయి.

చదువు లేనివారితో సహా సంఘమంతా కలిసి పాడగలగాలన్న సమస్యకు తెలుగులో దొరికిన పరిష్కారం పూర్తిగా దేశీయమైనది. బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తము చౌదరి (1803–1890) ఇంగ్లిషు అక్షరాల లెక్కను పక్కన పెట్టి, పల్లవి, అనుపల్లవి, చరణాలు గల కృతి పద్ధతిని రాగతాళాలతో సహా స్వీకరించాడు. వాట్స్ మాదిరిగా ఆయన భాషను దించలేదు. సంస్కృత సమాసాలు నిండిన శైలిలోనే రాశాడు. అయితే ప్రతి చరణం తరువాతా తిరిగి వచ్చే పల్లవి, చదువు లేని సంఘానికి అక్కడ పాదం పాదం చదివి వినిపించే ఆచారం చేసిన మేలునే ఇక్కడ చేసింది. చరణం రానివారు సైతం పల్లవి దగ్గర అందరితో కలిసేవారు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పొందిన కాలమది. ఆ తరం విశ్వాసులలో అత్యధికులు బడి గడప తొక్కనివ్వని మాల, మాదిగ కుటుంబాలవారు. పండితుల సొత్తుగా కాపాడబడిన మాటలను, రాగాలను వారు తమ ఆరాధనలో తమ హక్కుగా పాడుకొన్నారన్న సంగతికి తెలుగు సాహిత్య చరిత్రలు ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు.

తెలుగు సంఘాలు వాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథంలో ప్రతి కీర్తనకు పైన రాగతాళాలు, కింద కర్త పేరు నేటికీ అచ్చవుతున్నాయి. అయితే సామాన్యంగా సంఘస్థుల చేతుల్లో ఉండే ప్రతిలో స్వరలిపి ఉండదు గనుక, పుస్తకం చెప్పే రాగానికీ పల్లెలో పెద్దలు పాడే వరుసకూ చాలాచోట్ల దూరం ఏర్పడింది. ఆ వరుసల్లో చాలావాటికి లిఖిత రూపం లేదు. వాటిని ఎరిగిన పెద్దలు ఉండగానే సంగీతం తెలిసినవారు ఊరూరా వెళ్లి వాటిని స్వరపరచి భద్రపరచవలసిన పని మిగిలి ఉన్నది.