నిలువులోతున ఒక గీత

తెలుగువాడు నీటిని కొలిచేది ఒంటితోనే. చీలమండలోతు, మోకాల్లోతు, నడుంలోతు, పీకల్లోతు, అదీ దాటితే నిలువులోతు. ఏరు దాటాలనుకునేవాడికి ఈ కొలతలు చాలు. భద్రాచలంలో అడుగుల లెక్క కూడా ఇలాగే ఒంటబట్టిపోయింది. గోదావరి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అంకె చెవిన పడగానే ఏ వీధివాళ్లు సామాన్లు సర్దుకోవాలో ఊళ్లో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు చేరింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి పెద్ద వరదనూ దాని పక్కన నిలబెట్టి చూస్తారు.

సముద్రమట్టం పెరగడం మాత్రం అలా ఎవరి ఒంటికీ తగలదు. ఏడాదికి ఇన్ని మిల్లీమీటర్లని నివేదికలో ఉంటుంది, చదివి పక్కన పెడతాం. కొన్ని దశాబ్దాలుగా కొందరు కళాకారులు గ్యాలరీ గోడలు వదిలేసి, వీధుల్లో, కూడళ్లలో, నదీతీరాల్లో నీటి గురించి భారీ నిర్మాణాలు చేస్తున్నారు. వాటిలో నా మనసుకు పట్టినవన్నీ చేసింది ఒకటే పని: అంకెను కాగితం మీంచి దించి మనిషి మోకాలి దగ్గరో, అరచేతిలోనో పెట్టడం.

2007 వేసవిలో ఈవ్ మోషర్ అనే కళాకారిణి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వీధుల్లో ఒక తోపుడు యంత్రం పట్టుకుని నడిచారు. ఆటస్థలాల్లో హద్దులు గీయడానికి వాడేది అది. (మనకైతే కబడ్డీ బరికి గుప్పెడు ముగ్గు చాలు.) అందులో నీలి సుద్దపొడి పోసి, సముద్రమట్టానికి సరిగ్గా 10 అడుగుల ఎత్తున ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ గీసుకుంటూ పోయారు. బ్రూక్లిన్, దిగువ మన్‌హాటన్ తీరాల వెంట దాదాపు 70 మైళ్ల గీత. దాని పేరు ‘హైవాటర్‌లైన్’. పెద్ద తుపాను వస్తే నీరు అంతదాకా రావచ్చని, భూమి వేడెక్కేకొద్దీ అలాంటి వరదలు తరచవుతాయని శాస్త్రవేత్తలు వేసిన లెక్కే దానికి ఆధారం.

ఆ గీత తిన్నగా సాగదు. ఎత్తును పట్టుకుని పోయే గీత వీధి ప్లానును ఖాతరు చేయదు. కాలిబాట ఎక్కుతుంది, రోడ్డుకు అడ్డంపడుతుంది, పార్కులోకి దూరుతుంది. వాలు చూసుకుని పొలానికి కాలవ తీసినవాళ్లకు ఈ వంకరలు తెలిసినవే. అయితే గీయడం సగం పనే. ఏం చేస్తున్నారని అడిగినవాళ్ల దగ్గర ఆగి మాట్లాడటం మిగతా సగం. తన ఇల్లు గీతకు ఇవతలుందా అవతలుందా అని ఒకసారి చూసుకున్న మనిషికి ఇక ఆ నివేదిక పరాయిది కాదు.

సుద్ద కాబట్టి చెరిగిపోయింది. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చినప్పుడు నీరు చాలాచోట్ల ఆ గీత ఉండిన చోటికి చేరింది, కొన్నిచోట్ల దాటింది.

హైదరాబాద్ చెరువులు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే ఎఫ్‌టీఎల్ హద్దు కూడా ఇలాంటి నీటి గీతే కదా అనిపిస్తుంది నాకు. మ్యాపులో భద్రంగా ఉంటుంది. అది ఎవరి వంటింట్లోంచి పోతుందో ఎవరైనా ముగ్గుపిండితో నడుచుకుంటూ చూపిస్తే బాగుండును.

స్కాట్లండ్ పడమటి దీవుల్లో, లోక్‌మాడీ అనే చిన్న ఊళ్లో, ఫిన్లండ్ కళాకారులు పెక్కా నీట్టివిర్తా, టిమో ఆహో ఇలాంటి నీటి గీతనే వెలుతురుతో గీశారు. తీరాన ఉన్న కళాకేంద్రం గోడల మీద సన్నని తెల్లటి ఎల్ఈడీ గీత. సముద్రానికి పోటు వచ్చినప్పుడు సెన్సర్లు దాన్ని వెలిగించేవి. చీకట్లో ఆ గీత కింద నిలబడితే రేపటి నీటి అడుగున ఉన్నట్టే ఉండేది.

మరో కళాకారుడు ఓలాఫుర్ ఎలియాసన్ గీతలు గీయలేదు, మంచునే మోసుకొచ్చారు. భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్‌తో కలిసి చేసిన ‘ఐస్ వాచ్’ 2014లో కోపెన్‌హాగన్‌లో, 2015లో వాతావరణ సదస్సు జరుగుతున్న పారిస్‌లో, 2018లో లండన్‌లో జనం ముందుకొచ్చింది. గ్రీన్‌లాండ్ హిమఫలకం నుంచి అప్పటికే విరిగి నీటిలో తేలుతున్న దిమ్మెలను ఒడ్డుకు లాగి, శీతల కంటైనర్లలో తరలించారు. పారిస్‌లో 12 దిమ్మెలను గడియారం అంకెల్లా గుండ్రంగా పేర్చారు. చుట్టూ తాడు లేదు, ముట్టుకోవద్దన్న బోర్డు లేదు. పిల్లలు నాకారు, పెద్దలు చెంప ఆనించారు. చెవి పెడితే చిటపటలు: ఎన్నో వేల ఏళ్ల కిందటి మంచులో చిక్కుకున్న గాలిబుడగలు పేలుతున్న చప్పుడు. గ్రీన్‌లాండ్ నుంచి క్షణానికి ఇలాంటి దిమ్మెలు 10,000 సముద్రంలో కలుస్తున్నాయని నిర్వాహకులు చెప్పారు. చెయ్యి తిమ్మిరెక్కిన తర్వాత విన్న అంకె, పేపర్లో చదివిన అంకె ఒకటి కావు.

ఇంత మంచును ఓడల్లో, లారీల్లో మోయడానికి ఎంత ఇంధనం తగలబడింది అన్న ప్రశ్న రాక తప్పదు. వచ్చింది కూడా. కర్బన ఉద్గారాల లెక్క వాళ్లే కట్టించి బయటపెట్టారు. దాచకపోవడం మెచ్చుకోదగ్గదే, కానీ నాకు పూర్తి తృప్తి కలగలేదు. 2008లో ఇదే కళాకారుడు న్యూయార్క్ తీరాన పరంజాలు కట్టి, నది నీటిని పంపులతో ఎత్తి నాలుగు జలపాతాలు దూకించారు. చూపుకు ఘనమే. ఆ నది నీరు ఉప్పుది; దాని తుంపర పడి ఒడ్డునున్న చెట్ల ఆకులు మాడిపోవడంతో జలపాతాలు నడిపే వేళలు తగ్గించాల్సి వచ్చింది. హంగు ఎక్కువై కొలత తక్కువైన పని అది.

వీటన్నిటికన్నా ముందే చైనాలోని చెంగ్డూలో బెట్సీ డామన్ అనే అమెరికా కళాకారిణి మరో దారి పట్టారు. నది బాగోలేదని చెప్పి ఊరుకోకుండా, కాస్త నీటిని కళ్లెదుటే శుభ్రం చేసి చూపించారు. 1998లో తెరిచిన ‘లివింగ్ వాటర్ గార్డెన్’ చేప ఆకారంలో ఉన్న పార్కు. నది నుంచి తోడిన నీరు మొదట మడుగులో తేరుకుంటుంది. తర్వాత దొన్నెల్లా తొలిచిన రాతి వరుసల్లో మెలికలు తిరుగుతూ గాలి పీల్చుకుంటుంది. ఆపైన మొక్కలు నాటిన చిత్తడి మడుల గుండా మెల్లగా నడిచి, మళ్లీ నదికే చేరుతుంది. రోజుకు సుమారు 200 ఘనపు మీటర్లు.

అంత పెద్ద నదికి అది ఏ లెక్కలోకీ రాదు. కానీ ఆ రాతి దొన్నెల పక్కన పిల్లలు చెప్పులు విప్పేసి దిగుతారు. నీళ్లు చీలమండలోతే.